గుల్లరాయి కోట: సాన్ మార్కోస్ గురించి అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల గోడలకు సున్నంతో మరమ్మతులు చేయడం నా వృత్తి. మేముండే జాక్సన్‌విల్‌కి గంట దూరంలో, ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్ ఊళ్లో స్పానిష్ వాళ్ల కాలం నాటి కోట ఒకటుంది. పేరు కాస్టీయో దె సాన్ మార్కోస్. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపిస్తుంటాను. గోల్కొండ చూసిన కళ్లకు ఇది ఆనదు. అయినా అక్కడ వినపడే కథలకు మాత్రం లోటు లేదు.

అపోహ: కోట అన్నాక గట్టి రాయితోనే కట్టి ఉంటారు.

వాస్తవం: ఆ చుట్టుపక్కల గట్టి రాయే దొరకదు. ఎదురుగా ఉన్న అనస్తాసియా దీవిలో దొరికేది కోకినా. సముద్రపు చిన్న చిన్న గుల్లలు ఒకదానికొకటి అతుక్కుని రాయిగా మారిన సరుకు. అచ్చం పల్లీపట్టిలా గుల్లలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. తవ్వినప్పుడు తడిగా, మెత్తగా ఉంటుంది. ఆరబెడితే గట్టిపడుతుంది. మధ్యలో పెట్టిన సున్నం కూడా ఆల్చిప్పలు కాల్చి చేసిందే, మన కోస్తావాళ్లు గుల్లసున్నం అంటారే, అదే.

1740లో అప్పటి బ్రిటిష్ వలస జార్జియా నుంచి జేమ్స్ ఓగిల్‌థార్ప్ సైన్యంతో వచ్చి వారాల తరబడి ఫిరంగులు పేల్చాడు. గుండ్లు గోడలో దిగబడ్డాయి తప్ప గోడ కూలలేదు. గట్టి రాయైతే దెబ్బకు పగులు పుట్టి చుట్టూ పాకుతుంది. ఇక్కడ గుల్లల మధ్య ఖాళీలు నలిగి ఆ దెబ్బను అక్కడికక్కడే మింగేశాయి. ఓరుగల్లు మట్టికోట మీద కూడా రాతి గుండ్లు పనిచేయలేదని అమీర్ ఖుస్రో రాశాడు. మెత్తదనంలో ఉన్న బలం కట్టినవాళ్లకు ముందే తెలుసో, కలిసొచ్చిందో కానీ, కోట నిలబడింది.

అందుకే ఇలాంటి గోడకు ఎవరైనా సిమెంటు పూస్తామంటే నాకు టెన్షన్. సిమెంటు ఈ రాయి కంటే గట్టిది, లోపలి తేమను బయటికి పోనివ్వదు. దారి దొరకని తేమ చివరికి రాయినే పెచ్చులూడగొడుతుంది. "గట్టిగా ఉంటుంది కదా సార్" అనని మేస్త్రీ నాకింతవరకు తగల్లేదు.

అపోహ: అమెరికాలో అన్నిటికంటే పాత కోట ఇదే.

వాస్తవం: ప్రధాన భూభాగంలో మిగిలిన రాతి కోటల్లో ఇదే పాతది. అమెరికా కిందే ఉన్న ప్యూర్టో రికో దీవిలోని ఎల్ మోరో కోట ఇంతకంటే చాలా ముందుది. సెయింట్ ఆగస్టీన్‌లో కూడా దీనికి ముందు తొమ్మిది చెక్క కోటలు వచ్చి పోయాయి. 1668లో రాబర్ట్ సెర్ల్ అనే ఇంగ్లీషు ఓడదొంగ ఊరిని దోచుకున్నాడు, 1670లో ఇంగ్లీషువాళ్లు ఉత్తరాన చార్లెస్ టౌన్ కట్టుకున్నారు. అప్పుడు కానీ మాడ్రిడ్‌లో చలనం రాలేదు. 1672లో పని మొదలై 1695 దాకా సాగింది.

అపోహ: ఎన్నో యుద్ధాల్లో చేతులు మారింది.

వాస్తవం: చేతులు మారిన మాట నిజం, అన్నీ కాగితాల మీదే. ముట్టడించి పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. 1702లో ఇంగ్లీషువాళ్ల కరోలినా వలస గవర్నర్ జేమ్స్ మూర్ దండెత్తి వస్తే, ఊరి జనమూ సైనికులూ కలిసి సుమారు 1,500 మంది దాదాపు 50 రోజులు లోపలే తలదాచుకున్నారు. హవానా నుంచి స్పానిష్ ఓడలు రాగానే మూర్ తన ఓడలకు తనే నిప్పుపెట్టి, ఊరిని కూడా తగలబెట్టి వెళ్లిపోయాడు. ఒప్పందం ప్రకారం 1763లో బ్రిటన్‌కు, ఇరవై ఏళ్లకు మళ్లీ స్పెయిన్‌కు, 1821లో అమెరికాకు. నాకు బాగా నచ్చేది 1861 నాటి సంగతి. అప్పుడు కాపలాకు ఉన్నది ఒకే ఒక్క సార్జెంటు. అమెరికా అంతర్యుద్ధం ముంగిట, విడిపోతున్న దక్షిణాది రాష్ట్రాల దళం వచ్చి కోట అప్పగించమంటే, రసీదు రాయించుకుని మరీ అప్పగించాడు!

అపోహ: కందకంలో మొసళ్లుండేవి.

వాస్తవం: అది మామూలుగా ఎండు కందకం. ముట్టడి వస్తే పశువుల్ని అందులోకి తోలేవారు. 20వ శతాబ్దంలో నీళ్లు నింపి ఉంచితే పునాదికి ముప్పొచ్చింది. మళ్లీ తోడేశారు.

అపోహ: లోపల మూసేసిన రహస్య చెరసాల ఉంది.

వాస్తవం: అది మందుగుండు గది. చెమ్మకు మందు పాడవుతుంటే చెత్త వేసి మూసేశారు. దయ్యాల కథ తర్వాత పుట్టింది, టికెట్లు దానివల్లే తెగుతున్నాయి.

అపోహ: స్పానిష్ వాళ్లు కట్టుకున్నారు.

వాస్తవం: ప్లాను ఇంజినీరు ఇగ్నాసియో దాసాది. రాయి తవ్వి మోసినవాళ్లలో ఎక్కువమంది గువాలే, తిముకువా, అపలాచీ అనే స్థానిక ఆదివాసీ జాతుల వాళ్లు. క్యూబా మేస్త్రీలు, శిక్షపడ్డ ఖైదీలు, బానిసలు కూడా ఉన్నారు. చుట్టాలకు ఇది చెబితే వెంటనే అడుగుతారు, "కూలి ఇచ్చారా?" అని. ఇచ్చింది తక్కువ, అదీ అందరికీ కాదు.

అపోహ: అపాచీ అనే ఆదివాసీ తెగ వీరుడు జెరోనిమోను ఇక్కడే బంధించారు.

వాస్తవం: ఆయన్ని ఉంచింది పెన్సకోలా దగ్గరి ఫోర్ట్ పికెన్స్‌లో. ఆయన కుటుంబంతో సహా దాదాపు 500 మంది అపాచీలను మాత్రం 1886లో ఇక్కడికి తెచ్చి కుక్కారు. అందులో పిల్లలూ ఆడవాళ్లే ఎక్కువ. అప్పుడు దీని పేరు ఫోర్ట్ మారియన్. అంతకుముందు 1837లో సెమినోల్ తెగ నాయకుడు ఒసియోలా ఇక్కడ బందీ. తెల్లజెండా కింద మాటలకు వచ్చినవాణ్ని పట్టుకున్నారు. 1875లో పడమటి మైదానాల నుంచి 72 మంది ఆదివాసీలను సంకెళ్లతో తెచ్చారు. వాళ్లకు జమాఖర్చుల పుస్తకాలూ రంగు పెన్సిళ్లూ ఇస్తే గుర్రాలు, వేటలు, వదిలొచ్చిన ఇళ్లు గీశారు. చూడవచ్చినవాళ్లు ఆ బొమ్మలు కొనుక్కుపోయారు. కొన్ని బొమ్మల్లో ఈ కోట కూడా ఉంది, లోపల్నుంచి చూసినవాళ్లు గీసినట్టు.