12×18 చట్రంలో పట్టని స్క్వేర్ ఫోటో

ఆగస్టు 19 దగ్గర పడుతుందంటే మన వైపు ఫోటోగ్రాఫర్ల మధ్య పాత పంచాయితీ ఒకటి మళ్లీ లేస్తుంది. ఈసారి అనంతపురంలో అది గట్టిగానే లేచింది. ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవానికి పెట్టే ఒక పోటీలో ప్రింట్లన్నీ 12×18 అంగుళాల్లోనే ఉండాలన్నారు. స్క్వేర్‌లో వచ్చిన ఫైళ్లను తిప్పి పంపకుండా, ల్యాబ్‌లోనే ఆ సైజుకు క్రాప్ చేయించి, అంటే అంచులు కోయించి, గోడకు పెడతామన్నారు. అలా క్రాప్ చేసిన ఒక ప్రూఫ్ (నమూనా ప్రింటు) ఆ ఫోటో తీసినతని కంటపడింది. అక్కడ గొడవ ముదిరింది.

ఆ ఫోటో ధర్మవరంలో తీసింది. గుంట మగ్గాన్ని పక్కనుంచి చూపిస్తుంది. ఒక అంచున నేతగాడు, అతని ముందు నుంచి రెండో అంచు దాకా సాగిన పడుగు (పొడవాటి దారాలు), పైన డిజైన్ ప్రకారం ఆ దారాలను లేపే జాకార్డు, దాన్నుంచి దిగే దారాలు, అడుగున గుంటలో పాదాలు. నాలుగు వైపులా నాలుగు పనులు జరుగుతున్నాయి కాబట్టే అతను స్క్వేర్ ఎంచుకున్నాడు. అడ్డంగా కోస్తే జాకార్డైనా పోవాలి, పాదాలైనా పోవాలి. నిలువుగా కోస్తే పడుగు తెగుతుంది. స్క్వేర్ బొమ్మను 2:3 నిష్పత్తికి తెస్తే సరిగ్గా మూడో వంతు పోతుంది, అందులో ఎవరూ చేయగలిగింది లేదు. ఆ ప్రూఫ్‌లో పోయింది జాకార్డు. చీర అంచు మీది డిజైన్ ఎక్కడినుంచి దిగుతోందో చెప్పే భాగమే లేకుండా పోయింది.

నిర్వాహకుల వాదన కూడా ఉంది. ఫ్రేములన్నీ ఒకే సైజులో ముందే కొన్నారు, గోడ మీద వరస కుదరాలి, న్యాయనిర్ణేతల ముందు అందరి ఫోటోలూ ఒకే కొలతలో ఉండాలి. ఖర్చు దగ్గర పెట్టుకుని ఊళ్లో ప్రదర్శన నడిపేవాళ్లకు ఇవి నిజమైన ఇబ్బందులే. అయితే ఈ మాటలతో ఆగకుండా ఇంకో రెండు కలుపుతున్నారు. స్క్వేర్ అనేది ఇన్‌స్టాగ్రామ్ చూసి కుర్రకారు పట్టుకున్న ఫ్యాషన్ అని ఒకటి. అసలు స్క్వేర్ నెగటివ్ పుట్టిందే తర్వాత కోసుకోవడానికి అని ఇంకొకటి. ఈ కథనం ఆ రెండు మాటల కోసమే.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి త్వరగా తేలుతుంది. 2010 అక్టోబరులో మొదలైన ఆ యాప్ ఐదేళ్లపాటు స్క్వేర్ తప్ప మరో ఆకారం ఒప్పుకోలేదు. 2015 ఆగస్టులో అడ్డం, నిలువు ఫోటోలకు తలుపు తీసింది. 2025 జనవరిలో ప్రొఫైల్ పేజీలోని చదరపు గళ్లను కూడా తీసేసి నిలువు గళ్లు పెట్టింది. ఇవాళ స్క్వేర్‌లో తీసే పిల్లలు ఆ యాప్ వెనకాల పోతుంటే ఈపాటికి నిలువుకు మారి ఉండాలి. స్క్వేర్‌ను యాప్ వదిలేశాక కూడా వీళ్లు వదల్లేదంటే వాళ్లకు అందులో వేరే ఏదో కనబడుతోంది.

నా దృష్టిలో అసలు మలుపు ఇప్పటికి ముప్పై ఏళ్ల కిందటిది. మన ఊళ్ల స్టూడియోల్లో డార్క్‌రూమ్ మూతపడి, ఫోటో ల్యాబ్ చేతికి పోయిన కాలం అది. ఇప్పటి తగాదాలోని ప్రతి ముక్కా అక్కడినుంచే వచ్చింది.

అంతకుముందు కర్నూలు, కడప, అనంతపురం స్టూడియోల్లో పని జరిగిన తీరు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే యాషికానో, రోలీకార్డో స్టాండు మీద ఉండేది. స్తోమత లేని ఇంట్లో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 ఉండేది. ఏ కెమెరా అయినా 120 అనే వెడల్పు ఫిల్మ్ రోల్‌కు పన్నెండు ఫోటోలే. నెగటివ్ పేరుకు 6×6 సెంటీమీటర్లు, నిజానికి 56 మిల్లీమీటర్ల స్క్వేర్. 35 ఎంఎం నెగటివ్‌తో పోలిస్తే విస్తీర్ణం మూడున్నర రెట్లకు పైనే. మొహం మీది మచ్చను పెన్సిల్ మొనతో నెగటివ్ మీదే సర్దడానికి ఆ జాగా ఉండబట్టే వీలయ్యేది. ఊటీలో తయారైన ఇందు ఫోటో పేపర్ మీదో, ఇంకో కంపెనీ బ్రోమైడ్ పేపర్ మీదో ప్రింటు వేసేవాళ్లు. ఫోటో తీసిన మనిషే రాత్రి ఎర్ర బల్బు కింద, నెగటివ్ బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద వేసే ఎన్‌లార్జర్ దగ్గర నిలబడేవాడు.

ఆ చివరి వాక్యంలోనే విషయమంతా ఉంది. నెగటివ్‌ను కేబినెట్ సైజుకు కోయాలా, పాస్‌పోర్ట్‌కు మొహం వరకే తీసుకోవాలా, స్క్వేర్‌గానే వదిలేయాలా అన్నది ఆ చీకటిగదిలో ఆ మనిషే తేల్చుకునేవాడు. కోసినా ఏం కోస్తున్నాడో చూసుకుంటూ కోసేవాడు. దంపతుల ఫోటోలో కుర్చీ చేతులు, పక్కన పూలకుండీ స్టాండు, వెనక రంగుల పరదా మీద గీసిన మెట్లు, స్తంభాలు ఉండాలంటే ఉంచేవాడు.

1980ల చివర్నుంచి 1990లలో ఇది మారింది. కలర్ వచ్చింది. కలర్‌ను స్టూడియో గదిలో కడగడం కుదిరే పని కాదు. రసాయనాల వేడి డిగ్రీ అటూ ఇటూ అయితే రంగే మారిపోతుంది. మొదట్లో రోల్స్ బెంగళూరుకో, హైదరాబాద్‌కో బస్సు పార్శిల్‌లో పోయేవని పాతవాళ్లు చెబుతారు. తర్వాత జిల్లా కేంద్రాలకే మినీ ల్యాబులు, అంటే ఫిల్మ్ కడిగి ప్రింటు వేసే యంత్రాలు, వచ్చాయి. ఆ యంత్రాలకు ఇష్టమైనది 35 ఎంఎం రోల్. 24×36 మిల్లీమీటర్ల ఫ్రేమ్‌కు 4×6 అంగుళాల మ్యాక్సీ ప్రింట్ అంచుకు అంచు సరిపోతుంది, రెండింటి నిష్పత్తీ 2:3. ఎవరూ ఆలోచించనక్కర్లేదు, ఏదీ వృథా పోదు. పైగా ఒక రోల్‌కు 36 ఫోటోలు. పెళ్లికి పన్నెండు చొప్పున రోల్స్ మార్చుకునే మనిషికి అది ఎంత ఊరటో చెప్పాలా? కొన్నేళ్లలోనే ఎన్‌లార్జర్లు అటకెక్కాయి. స్క్వేర్‌లో తీస్తే అందం తగ్గుతుందని ఆనాడు ఎవరూ వాదించలేదు, అసలు చర్చే జరగలేదు. పేపరు సైజు మారింది, దాంతోపాటు చూపు కూడా మారింది.

డిజిటల్ వచ్చాక ఈ కొలత ఇంకా గట్టిపడింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లు (లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరాలు) చాలావరకు 35 ఎంఎం నిష్పత్తినే తీసుకున్నాయి. పెళ్లి ఆల్బమ్‌లలో కరిజ్మా అనే పెద్ద డిజిటల్ ఆల్బమ్ వచ్చింది, తెరిస్తే 12×36. దాన్ని మధ్యకు మడిస్తే ఒక్కో పేజీ ఎంత? 12×18. పోటీ నిబంధనలో కనిపించే సైజు ఇదే. ల్యాబ్‌లో 12 అంగుళాల వెడల్పు పేపర్ రోల్ ఎప్పుడూ యంత్రం మీదే ఉంటుంది కాబట్టి ఆ సైజు చవక, ఫ్రేములు కూడా ఆ సైజులోనే బజార్లో దొరుకుతాయి. వ్యాపారానికి ఇది చాలా మంచి కారణం. కానీ ఆల్బమ్ పేజీ కొలత ఏ ఫోటో మంచిదో తేల్చే కొలత ఎప్పుడైంది?

స్క్వేర్ పుట్టిందే కోతకు అన్న రెండో మాటలో సగం నిజముంది. 1929లో రోలీఫ్లెక్స్ అనే రెండు లెన్సుల కెమెరా వచ్చినప్పుడు దాన్ని ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజులో చూడాలి. గాజులో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనబడుతుంది. అలాంటి కెమెరాను నిలువు ఫోటో కోసం పక్కకు తిప్పితే చూడటమే కష్టం. అందుకే స్క్వేర్‌గా తీసి, ప్రింటు వేసేటప్పుడు అడ్డమో నిలువో కోసుకోవచ్చన్న సౌకర్యం కచ్చితంగా అందులో ఉంది. పత్రికల ఫోటోగ్రాఫర్లు, ప్రకటనలవాళ్లు అలాగే వాడారు. మన స్టూడియోలవాళ్లూ వాడారు.

మిగతా సగం ఈ వాదన చేసేవాళ్లు చెప్పడం లేదు. అదే కెమెరాతో పనిచేసిన మరికొందరు ఆ నాలుగు సమాన అంచులనే తమ చట్రంగా తీసుకున్నారు. అమెరికాలో ఫోటోగ్రాఫర్ డయాన్ ఆర్బస్ 35 ఎంఎం వాడుతూ 1960ల మొదట్లో కావాలనే స్క్వేర్‌కు మారింది. ఆమె తీసిన మనుషులు నడిమధ్యలో నిలబడి నేరుగా మన కళ్లలోకి చూస్తారు. మన దేశంలో దయానితా సింగ్ హాసెల్‌బ్లాడ్ కెమెరాతో స్క్వేర్‌లో తీసిన ఖాళీ గదులు ప్రపంచం చూసింది, 2022లో హాసెల్‌బ్లాడ్ అవార్డు ఆమెకే వచ్చింది. ఆ బొమ్మల్లో మూడో వంతు తీసేసి చూపించమంటే ఏ ప్రదర్శనశాల ఒప్పుకుంటుంది?

స్క్వేర్‌లో తీసేవాళ్లు ఏం చూసి తీస్తారో మన చుట్టుపక్కలే తెలుస్తుంది. లేపాక్షి బసవన్న దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. పక్కనుంచి చూస్తే అది అడ్డం ఫోటోయే, అందులో వాదన లేదు. ఎదురుగా వెళ్లి నిలబడండి. మెడలో గంటల దండ, మూపురం, ముడుచుకున్న కాళ్లు ఒకదాని వెనక ఒకటి చేరి దాదాపు చదరమైపోతాయి. అక్కడ అడ్డం ఫ్రేమ్ పెడితే రెండు పక్కలా ఖాళీ ఆకాశం, నిలువు పెడితే పాదాలో తలో ఇరుకు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో సగంలో ఆగిన గోపురాల మీద ఒక్కో శిల్పం ఒక్కో గూటిలో ఉంటుంది. చాలా గూళ్లకు స్క్వేర్ అచ్చంగా సరిపోతుంది.

గండికోట ఇంకా మంచి పాఠం. పెన్నా లోయను అందరూ అడ్డంగా, వీలైతే పనోరమాగా తీస్తారు. అలా తీసినప్పుడు లోయ వెడల్పు తెలుస్తుంది గానీ లోతు తేలిపోతుంది. స్క్వేర్‌లో తీస్తే కాళ్ల దగ్గరి ఎర్రరాయి ఉంటుంది, కింద నీళ్లుంటాయి, పైన ఆకాశం ఉంటుంది. రెండు పక్కల గోడలు కోసుకుపోయినా పర్వాలేదు, కన్ను కిందికి పోతుంది. అడ్డం ఫ్రేమ్ కన్నును ఎడమనుంచి కుడికి నడిపిస్తుంది, నిలువు ఫ్రేమ్ పైనుంచి కిందికి. స్క్వేర్‌కు అలాంటి దారి లేదు, కన్ను లోపలే తిరుగుతుంది. అందుకే ఫ్రేమ్‌ను మూడు భాగాలు చేసి ఆ గీతల మీదే విషయాన్ని పెట్టాలనే మూడు భాగాల సూత్రం ఇక్కడ తప్పనిసరి కాదు. విషయాన్ని నడిమధ్యలో పెట్టినా నిలుస్తుంది, మూలనుంచి మూలకు గీత పడితే మరీ బలంగా నిలుస్తుంది. అంచుల్లో చెత్త ఉంటే మాత్రం దాచుకోవడానికి చోటుండదు. నాలుగు అంచులకూ సమానంగా లెక్క చెప్పాలి కాబట్టి కొత్తగా నేర్చుకునేవాడికి స్క్వేర్ మంచి సాధన అని నా నమ్మకం.

మరి 3:2 సెన్సర్‌తో తీసినవాడు స్క్వేర్ చేసినప్పుడే మూడో వంతు పారేశాడు కదా, ఇంకోసారి కోస్తే తప్పేంటి అని కొందరు అడుగుతున్నారు. తేడా ఎవరు కోశారన్నదే. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో, ఫోన్లలో 1:1 పెట్టుకుంటే తెర మీద ఫ్రేమ్ స్క్వేర్‌గానే కనబడుతుంది. ఆ నేతగాడి ముందు కూర్చుని, నాలుగు అంచులూ చూసుకుని నొక్కిన బటన్ అది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో స్క్వేర్‌కు 4000×4000 పిక్సెల్స్ మిగులుతాయి. 12 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 330కి పైగా పిక్సెల్స్, నాణ్యతకు ఏ లోటూ లేదు.

ఈ తగాదా ప్రదర్శన గోడ దగ్గర ఆగేది కాదు. మన స్టూడియోల్లో పాత స్క్వేర్ నెగటివ్‌లు కవర్లలో నంబర్లు వేసి ఇంకా ఉన్నాయి. వాటిని ఇప్పుడు స్కాన్ చేసి కుటుంబాలకు ప్రింట్లు ఇస్తున్నారు, చాలాచోట్ల అలవాటుగా 2:3కే కోస్తున్నారు. కోత పడేది ఆ పరదా, ఆ కుర్చీ, పక్కన నిలబెట్టిన చిన్నపిల్ల చెయ్యి మీద. ఆ కాలం స్టూడియో ఎలా ఉండేదో చెప్పే ఆధారం బొమ్మ అంచుల్లోనే ఉంది. స్కాన్ చేసేవాళ్లు కనీసం పూర్తి ఫైల్ ఒకటి దాచి, కోసిన ప్రింటు విడిగా ఇవ్వాలి. దానికి అదనపు ఖర్చేమీ లేదు.

పోటీ విషయంలో స్క్వేర్ తీసినవాళ్లు అడుగుతున్నది కొత్త ఫ్రేములు కాదు. 12×18 పేపర్ మీదే 12×12 బొమ్మ వేసి, పైన మూడు అంగుళాలు, కింద మూడు అంగుళాలు తెల్లగా వదలమంటున్నారు. ఫ్రేమ్ అదే, పేపర్ రోల్ అదే, గోడ వరస అదే. తెల్ల అంచు ఉన్న ఫోటో మిగతావాటికన్నా వేరుగా కనబడి న్యాయనిర్ణేతల దృష్టి లాగుతుందని నిర్వాహకుల్లో కొందరి అభ్యంతరం. అలా అయితే అందరి ప్రింట్లకూ తెల్ల అంచు పెట్టమని అవతలివాళ్లు బదులిచ్చారు. దీని మీద నిర్వాహకులు ఇంకా మాట చెప్పలేదు. ధర్మవరం ఫోటో తీసినతను మాత్రం జాకార్డు లేని ప్రింటును గోడకు పెట్టవద్దని, తన పేరు పోటీలోంచి తీసేయమని రాసిచ్చాడు.