కరెంటు, స్టాటిక్, పిడుగు: మన గోదారి జిల్లాల్లో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

మాది నరసాపురం వైపు, నేను చేసేది హౌస్ వైరింగు, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల (నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) లైన్లు, మోటార్ల పని. పనికెళ్ళిన ప్రతిచోటా కరెంటు గురించి ఎవరో ఒకరు ఏదో ఒక మాట చెప్తారండి, అందులో కొన్ని వింటే భయం వేస్తుంది, ఎందుకంటే ఆ నమ్మకం మీదే వాళ్ళు తడి చేత్తో స్టార్టర్ డబ్బా తెరుస్తారు. పైకి వేరువేరుగా కనపడినా ఈ అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే, కరెంటు వస్తుంది, పని చేస్తుంది, అక్కడితో అయిపోద్ది అనుకోవడం. కరెంటు అయిపోదు. ఒక వైరులో ఎంత వచ్చిందో అంతా ఏదో ఒక దారిలో వెనక్కి వెళ్ళాల్సిందే, వెళ్ళే దారి లేకపోతే అసలు బయల్దేరదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన కాలవ నీళ్ళతో కరెంటుని పోలుస్తారు గానీ ఆ పోలిక ఇక్కడే తప్పుద్ది, కాలవ నీరు చేలల్లో ఇంకిపోద్ది, మిగిలింది సముద్రంలో కలిసిపోద్ది, కరెంటు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బయల్దేరి మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే చేరాలి. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

అపోహ: స్టాటిక్ వేరు, కరెంటు వేరు

రెండిట్లో ఉన్నదీ అవే ఎలక్ట్రాన్లు. దువ్వెన తలకి రుద్దినప్పుడు జుట్టు మీద ఉన్న ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెన మీదకి చేరతాయి, కొత్తగా ఏదీ పుట్టదు, ఒకచోట ఎక్కువయ్యి ఇంకోచోట తగ్గుద్ది అంతే. ప్లాస్టిక్ మీద అవి కదల్లేవు కాబట్టి అక్కడే ఉండిపోతాయి, దాన్నే స్టాటిక్ అంటాం. దారి దొరికి కదిలితే కరెంటు. సెకనుకి ఒక కూలుంబు చార్జి, అంటే సుమారు 624 పక్కన పదహారు సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఎలక్ట్రాన్లు ఒక చోటు దాటి వెళ్తే అది 1 ఆంపియర్.

మన దగ్గర పిల్లలు స్కూల్లో దువ్వెన, కాగితం ముక్కల ప్రయోగం చేస్తే వానాకాలంలో సరిగ్గా రాదు, మేష్టారు తప్పు చెప్పారనుకుంటారు పాపం. తప్పు గాలిది. డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమ వస్తువుల మీద సన్నటి పొరలా పట్టేస్తుంది, చార్జి దాని మీద నుంచి మెల్లగా జారిపోద్ది. అదే సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నం పూట, లేదా రోజంతా ఏసీ ఆడిన గదిలో నైలాన్ చీరో టెర్లిన్ చొక్కానో విప్పుతుంటే చిటపటలు వినపడతాయి, లైటు ఆపితే చిన్న చిన్న మెరుపులు కూడా కనపడతాయి.

అపోహ: వోల్టేజి ఎక్కువైతేనే చస్తారు, లేదా వోల్టేజితో సంబంధమే లేదు, ఆంపియర్లే చంపుతాయి

ఈ రెండు మాటలూ సగం సగం నిజాలు. చొక్కా విప్పి తలుపు గెడియ ముట్టుకుంటే చురుక్కుమంటది చూడండి, అప్పుడు మీ ఒంటి మీద వేల వోల్టులు ఉంటాయి, 10,000 కూడా ఉండొచ్చు. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230. మరి పదివేలకి ఏమీ కాక 230కి ప్రాణం పోవడం ఏంటి అంటే, ఒంటి మీద పోగైన చార్జి చాలా కొంచెం, పదివేల వోల్టుల దగ్గర కూడా సుమారు ఒక మైక్రో కూలుంబు, అది రెప్పపాటు కూడా పట్టకుండా ఖాళీ అయిపోద్ది, వెనకాల ఇంకేం లేదు. ప్లగ్గు వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, సబ్‌స్టేషన్ ఉంది, మీరు వదిలేదాకా తోస్తానే ఉంటది. 30 మిల్లీ ఆంపియర్లు ఒక్క సెకను ఒంట్లోంచి పోతే 30,000 మైక్రో కూలుంబులు పోయినట్టు. అదీ తేడా.

ఒంట్లోంచి 1 మిల్లీ ఆంపియర్ పోతే జిల్లుమంటది. 10 దాటేసరికి చాలామందికి చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేరు, 'కరెంటు లాగేసుకుంది' అంటారే అది ఇదే, కరెంటు లాగదు, మన చెయ్యే బిగిసిపోద్ది. ఇంకా పెరిగితే ఊపిరి అందదు, 50 నుంచి 100 వచ్చేసరికి గుండె లయ తప్పొచ్చు. ఎంత పోద్ది అనేది వోల్టేజి మీదా, ఒంటి రెసిస్టెన్సు మీదా ఉంటది. తడిసిన ఒంటికి సుమారు 1000 ఓములు వేసుకోండి, 230ని 1000తో భాగించండి, 230 మిల్లీ ఆంపియర్లు. చెరువు గట్టు మీద మోకాళ్ళ దాకా తడిసిన మనిషి లెక్క అది.

అపోహ: స్టాటిక్ వల్ల ప్రమాదం లేదు

మనిషికి లేదు, పెట్రోలుకి ఉంది. పెట్రోలు ఆవిరి గాలితో సరైన పాళ్ళలో కలిసినప్పుడు అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో నాలుగో వంతు శక్తి గల స్పార్కు చాలు, పదివేల వోల్టులకి ఎక్కిన మన ఒంటి మీద సుమారు 5 మిల్లీజౌల్స్ ఉంటది. ఆయిల్ ట్యాంకర్ బంకులో దింపేముందు వైరు, క్లిప్పు పెట్టి ఎర్తు చేసేది, అంటే చార్జి భూమిలోకి పోయే దారి పెట్టేది, ఇందుకే. పెట్రోలు ఇంజన్లకని బండి ట్యాంకు మీద ప్లాస్టిక్ క్యాను పెట్టుకుని అలాగే పట్టించుకునేవాళ్ళని రోజూ చూస్తా. క్యాను అయితే పెట్రోలుకని తయారుచేసినదే వాడండి, దించి నేల మీద పెట్టండి, పట్టించేముందు దూరంగా ఏదన్నా ఇనప స్తంభం ముట్టుకోండి.

అపోహ: మాది డెల్టా భూమి, మూడడుగులు తవ్వితే నీళ్ళు, ఎర్తింగు ఎందుకండీ

ఇది మన ప్రాంతంలో ఎక్కువ ప్రాణాలు తీసే మాట అని నా నమ్మకం. నేల తడిగా ఉంటే మోటారుకి దానంతట అది ఎర్తు అయిపోదు. ఏరియేటరు ప్లాస్టిక్ తెప్పల మీద తేలుతూ ఉంటది, మోటారు బాడీకి నేలతో గట్టి సంబంధం లేదు. లోపల వైండింగు ఇన్సులేషన్ చెడి బాడీకి ఫేజు (కరెంటు వచ్చే వైరు) తగిలితే అది ఎదురుచూసేది దారి కోసమే, ఆ దారి తడి గట్టు మీద నిలబడి చెయ్యేసిన మనిషి. నేల ఎంత తడిగా ఉంటే మనకి అంత ఎక్కువ ప్రమాదం.

ఎర్తు వైరు ఉన్నా అది బతికుందో లేదో చూడాలి. మొన్న ఒక వనామి రొయ్యల చెరువు దగ్గర ఎర్తు పిట్టు (ఎర్తు పైపు పాతిన గుంట) మీద బండ తీసి చూస్తే జీఐ (జింకు పూత ఇనప) పైపుకి బిగించిన బోల్టు ఎర్రగా పొరలు పొరలుగా ఊడొస్తోంది, దానికి చుట్టిన తీగని రెండు వేళ్ళతో పట్టుకుంటే పొడి అయిపోయింది. పైన డబ్బాలో మాత్రం ఎర్తు వైరు పచ్చగా కొత్తగా మెరుస్తోంది. ఉప్పు నేలల్లో ఇది మామూలే, అందుకే ఏడాదికోసారన్నా పిట్టు తెరిచి చూసి, ఎర్తు టెస్టరుతో ఓములు కొలిపించండి.

ఇంకో విషయం, పిట్టు బాగున్నంత మాత్రాన ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అదే ఆగే స్విచ్చు) పడుద్దని అనుకోవద్దు. మీ పిట్టు 15 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తు 5 ఓములు అనుకోండి, మొత్తం 20. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు లాగే కనపడుద్ది, పడదు. మోటారు బాడీ మీద 170 వోల్టుల పైన అలాగే కూర్చుంటది. ఎంసీబీ అయినా ఫ్యూజు అయినా కాపాడేది వైరుని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అది చేసే పని చాలా సింపులు, వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తానే ఉంటది, తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటేలోపే కట్ చేసేస్తది. త్రీ ఫేజు అయితే నాలుగు పోల్స్‌ది పెట్టాలి.

రైతులు దీన్ని ఎందుకు పీకేస్తారో నాకు తెలుసు. తడిసిన పాత కేబుళ్ళు తలా కొంచెం లీకు అవుతాయి, అన్నీ కలిపి ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే అర్ధరాత్రి పడిపోద్ది, ఏరియేటర్లన్నీ ఆగి డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది, లక్షల్లో నష్టం. ఆ బాధ నిజం. దానికి మందు ఆర్‌సీసీబీని బైపాస్ చెయ్యడం కాదండి, ఒక్కో ఏరియేటరు లైనుకి విడివిడిగా పెట్టుకోవడం, అప్పుడు లీకున్నది ఒక్కటే ఆగుద్ది, మిగతావి తిరుగుతాయి. నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే మార్చేయండి.

అపోహ: ఎర్తు, న్యూట్రల్ రెండూ ఒకటే

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తూ, కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ వైరూ కలిపి ఉంటాయి కాబట్టి ఈ మాట పుట్టింది. ఇంట్లో మాత్రం కలపకూడదు. మూడు పిన్నుల సాకెట్లో ఎర్తుకి వైరు లాగడం బద్ధకమై న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వేసేస్తారు కొందరు, ఏ గాలివానకో ఆ న్యూట్రల్ బయట తెగితే ఫ్రిజ్జు బాడీ, గీజరు బాడీ అన్నిటికీ ఫేజు ఎక్కేస్తది. న్యూట్రల్ పోయిందని ఫేజు, ఎర్తు మీద బల్బు వెలిగించుకోవడం కూడా ఇలాంటి పనే.

అపోహ: సాకెట్లో రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది, డబల్ ఫేజు వచ్చేసింది

ఈ ఫోను నాకు గాలివాన పడిన ప్రతిసారీ వస్తది. చాలాసార్లు అక్కడ వచ్చింది ఒక్క ఫేజే, పోయింది న్యూట్రల్. ఆన్‌లో ఉన్న బల్బులోంచో ఫ్యానులోంచో ఫేజు అవతలి వైపుకి వచ్చి ఆగి ఉంటది, ముందుకెళ్ళే దారి లేదు కాబట్టి ఏదీ పనిచెయ్యదు గానీ టెస్టర్ మాత్రం వెలుగుద్ది. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి ప్లగ్గులు పీకి, టెస్టర్ మళ్ళీ పెట్టి చూడండి, రెండో కన్నంలో వెలుగు పోతే న్యూట్రల్ తెగినట్టే. పోకపోతే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఇంకోటి, టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోవద్దు. లోపల ఉన్న నియాన్ బల్బు పోయినా, మీరు పొడి ప్లాస్టిక్ స్టూలు ఎక్కి నిలబడినా సరిగ్గా వెలగదు.

అపోహ: మెయిన్ ఆపేశాం కదా, ఇంక కరెంటు ఎక్కడుంటది

సింగిల్ ఫేజు బోరు మోటారు డబ్బాలో నల్లటి డబ్బీలా ఉండే స్టార్టింగ్ కండెన్సర్ ఉంటది. దాంట్లో చార్జి ఆపేశాక కూడా నిలవుంటది, స్టాటిక్ లాగే కదలకుండా కూర్చుని ఉంటది గానీ దువ్వెనతో పోల్చేంత చిన్నది కాదు, 120 మైక్రోఫారడ్లది నిండా ఎక్కి ఉంటే ఒంటి మీద పోగయ్యే దానికి వెయ్యి రెట్ల పైనే శక్తి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఢాం అనిపించకండి, హోల్డరుకి బిగించిన పాత ఫిలమెంటు బల్బు వైర్లు రెండు కొసలకీ ఆనించండి, మెల్లగా ఖాళీ అవుద్ది.

తెగిపడిన వైరు సంగతీ అంతే. పదకొండు కేవీ (పదకొండు వేల వోల్టుల) వైరు తెగి ఎండిన ఇసక మీద పడితే భూమిలోకి పోయే కరెంటు తక్కువ కాబట్టి సబ్‌స్టేషన్లో బ్రేకరు పడకపోవచ్చు, వైరు చల్లగా పడి ఉన్నట్టు కనపడుద్ది గానీ చుట్టూ నేల మీద అడుగు అడుగుకీ వోల్టేజి మారుతా ఉంటది. రెండు కాళ్ళ మధ్య ఆ తేడా చాలు. గేదెలకి ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ దూరం ఎక్కువ, అందుకే అవి ముందు పోతాయి. దగ్గరికెళ్ళకుండా 1912కి చెప్పండి.

ఇక్కడే చెరువుల వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. లైను పోగానే జనరేటర్ వేస్తారు కదా, మధ్యలో చేంజోవర్ స్విచ్చు (లైనో జనరేటరో ఏదో ఒక్కటే కలిపేది) లేకుండా నేరుగా కలిపేస్తే ఆ కరెంటు సర్వీసు వైరు మీద నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెనక్కి ఎక్కి అవతల పదకొండు వేల వోల్టులు అయి కూర్చుంటది. లైను ఆపించుకునే స్తంభం ఎక్కానన్న ధైర్యంతో లైన్‌మేన్ పైన ఉంటాడు. దయచేసి చేంజోవర్ పెట్టించండి.

తీగ మీద కాకి సంగతి చాలామంది అడుగుతారు. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటే దానికి వెళ్ళే దారి లేదు. అదే కాకి రెక్క స్తంభం ఇనప బ్రాకెట్‌కి తగిలితే దారి దొరికేసినట్టే. పచ్చి కొబ్బరి మట్ట, తడి వెదురు గెడ కూడా దారులే, కర్రే కదా అని తీగల దగ్గర దింపు తియ్యకండి. హవాయి చెప్పులు తడిస్తే వాటి మీద నమ్మకం పెట్టుకోవద్దు.

అపోహ: పిడుగు పడినవాళ్ళని ముట్టుకుంటే మనకీ షాక్ కొడుద్ది

మేఘంలో మంచు రేణువులు రాసుకుని చార్జీలు విడిపోయి, అంత ఎత్తున పోగైన స్టాటిక్ ఒక్కసారి దారి దొరికించుకోవడమే పిడుగు, సుమారు 30,000 ఆంపియర్లు, సెకనులో అతి చిన్న భాగంలో. కొబ్బరి తోటలో ఎత్తైన చెట్టు దానికి తేలికైన దారి, అందుకే ఉరుము వినపడగానే చెట్టు కిందకి కాకుండా పక్కా ఇంట్లోకి పోవాలి. అర్జునా ఫల్గుణా అనుకోండి, అనుకుంటానే లోపలికి నడవండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్క. సెల్‌ఫోను పిడుగుని పిలవదు, చార్జింగు వైరుకి తగిలించి చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం ప్రమాదం. టీవీ స్విచ్చు ఆపితే చాలదు, కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చినదానికి స్విచ్చులో ఉన్న చిన్న సందు లెక్కా, ఉరుములు మొదలవ్వకముందే ప్లగ్గు పీకాలి.

పిడుగు తగిలిన మనిషిలో చార్జి మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. వైరుకి అతుక్కున్న మనిషి విషయం వేరు, అక్కడ ముందు మెయిన్ ఆపాలి, లేదా బాగా ఎండిన కర్రతో, ప్లాస్టిక్ కుర్చీతో విడదియ్యాలి. ఇది ఇళ్ళలో వచ్చే 230కే, హెచ్‌టీ (హైటెన్షన్) లైను అయితే ఆపేదాకా దగ్గరికి కూడా వెళ్ళకూడదు. ఆ తర్వాత ఎవరికైనా చెయ్యాల్సింది ఒకటే. పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆడకుండా ఉంటే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా, అలిసిపోతే పక్కవాళ్ళు అందుకోవాలి.