రూజ్‌వెల్ట్ ‘క్వారంటైన్’ ప్రసంగం: అపోహలు, వాస్తవాలు

ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పే మాలాంటి వాళ్లకు ఏటా ఎదురయ్యే పాఠం ఇది. 1937 అక్టోబర్ 5న షికాగోలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగం గురించి విద్యార్థులు గట్టిగా నమ్మేవాటిలో సగం నిలబడవు.

అపోహ: అమెరికాను యుద్ధంలోకి దింపాలని ఇచ్చిన పిలుపు అది.

వాస్తవం: యుద్ధం చేద్దామన్న మాట అందులో ఎక్కడా లేదు. రూజ్‌వెల్ట్ వెళ్లింది ఒక వంతెన ప్రారంభోత్సవానికి. అక్కడ అంతర్జాతీయ అరాచకం గురించి మాట్లాడారు. అంటువ్యాధి ప్రబలితే సమాజమంతా కలిసి రోగులను వేరుగా ఉంచుతుంది కదా అన్నారు. దేశాలను అలా ఎలా వేరుగా ఉంచుతారో మాత్రం చెప్పలేదు. మర్నాడు విలేకరులు గుచ్చి గుచ్చి అడిగారు. ఆంక్షలా అంటే ఆ మాటే వద్దన్నారు. ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించని పద్ధతులు చాలా ఉన్నాయంటూ దాటవేశారు. ‘ఆర్థిక ఆంక్షలు ప్రతిపాదించాడు’ అని జవాబు పత్రంలో రాస్తే నేనైతే మార్కు వేయను.

అపోహ: జపాన్, ఇటలీ, జర్మనీలను పేరు పెట్టి దుయ్యబట్టారు.

వాస్తవం: ఒక్క దేశం పేరూ ఎత్తలేదు. అవసరమూ లేదు. జులైలోనే జపాన్ చైనాతో పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది.

అపోహ: అప్పట్లో అమెరికా పాటించిన ఏకాంత విధానమంటే ప్రపంచానికి తలుపులు మూసుకోవడం.

వాస్తవం: వ్యాపారం ఎప్పుడూ ఆగలేదు, ఫిలిప్పీన్స్ అప్పటికి వాళ్ల పాలనలోనే ఉంది. వాళ్లు వద్దనుకున్నది యూరప్ యుద్ధాలను, కూటములను. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షకు పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆయుధ వ్యాపారుల లాభాలపై సెనేటర్ జెరాల్డ్ నై కమిటీ జరిపిన విచారణ జనం కోపాన్ని మరింత పెంచింది. 1935 నుంచి వరుసగా వచ్చిన తటస్థత చట్టాల (యుద్ధంలో ఉన్న దేశాలకు ఆయుధాలు అమ్మొద్దన్నవి) చిక్కల్లా ఒకటే: దాడి చేసినవాడికీ, దెబ్బతిన్నవాడికీ తేడా చూడవు. అమలు చేస్తే చైనాకే ఎక్కువ నష్టం. ఎవరూ అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు కాబట్టి రూజ్‌వెల్ట్ వాటిని అక్కడ వర్తింపజేయలేదు. జపాన్ మాత్రం అమెరికా చమురు, పాత ఇనుము కొంటూనే ఉంది!

అపోహ: దేశమంతా ఎదురుతిరిగింది, అందుకే వెనక్కి తగ్గారు.

వాస్తవం: ఈ కథకు రూజ్‌వెల్ట్ వర్గమే కొంత కారణం. నడిపిద్దామని ముందుకెళ్లి వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేకపోవడం ఘోరమని ఆయన అన్నట్టు, ప్రసంగాల రచనలో సాయపడిన శామ్యూల్ రోజెన్‌మన్ తర్వాత చెప్పారు. షికాగో ట్రిబ్యూన్, హర్స్ట్ పత్రికలు విరుచుకుపడ్డ మాట నిజమే. కానీ చరిత్రకారులు ఆనాటి పత్రికలు, వైట్‌హౌస్‌కు వచ్చిన ఉత్తరాలు తిరగేస్తే మద్దతు కూడా బాగానే కనిపించింది. నా దృష్టిలో ఆయన జంకింది వీధిలోని జనాన్ని చూసి కాదు, కాంగ్రెస్‌ను, అంటే అమెరికా చట్టసభను చూసి. ఆ జంకు ఉత్తదేం కాదు. అమెరికాపై దాడి జరిగితే తప్ప, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా యుద్ధం ప్రకటించరాదన్న లడ్లో రాజ్యాంగ సవరణ ప్రతిపాదన 1938 జనవరిలో ప్రతినిధుల సభలో చర్చకు రాకుండా ఆగింది 209–188 ఓట్లతోనే.

అపోహ: ఆ ప్రసంగంతో విధానం మారిపోయింది.

వాస్తవం: చైనాపై జపాన్ యుద్ధం గురించి నవంబర్‌లో జరిగిన బ్రసెల్స్ సమావేశం ఏమీ తేల్చకుండానే ముగిసింది. డిసెంబర్‌లో జపాన్ విమానాలు చైనాలో ‘పనే’ అనే అమెరికా నౌకను ముంచేశాయి. క్షమాపణ, నష్టపరిహారంతో ఆ వ్యవహారం ముగిసింది. జపాన్‌కు చమురు నిలిచింది 1941లో.

పరీక్ష రాసేవాళ్లకు ఇంకో మాట: ఆయనదే ‘ప్రజాస్వామ్య ఆయుధాగారం’ ప్రసంగం 1940 డిసెంబర్‌ది, ‘నాలుగు స్వేచ్ఛలు’ 1941 జనవరిది. క్వారంటైన్ ప్రసంగంతో కలిపేయకండి.