అలాస్కా ర్యాంకుల ఓటు వెనుక 2010 నాటి చేతిరాత ఎన్నిక

ర్యాంకుల ఓటింగును రద్దు చేయాలన్న ప్రతిపాదన అమెరికా రాష్ట్రం అలాస్కాలో ఈ నవంబరులో మళ్లీ ఓటుకు వస్తోంది. అభ్యర్థులకు ఓటరు తన ఇష్టక్రమంలో ర్యాంకులిచ్చే పద్ధతి అది; ఎవరికీ సగానికి పైగా రాకపోతే చివరి అభ్యర్థిని తప్పించి ఆ ఓట్లను తర్వాతి ర్యాంకు ఇచ్చినవాళ్లకు కలుపుతారు. 2024లో ఇలాంటి ప్రతిపాదనే 3 లక్షలకు పైగా ఓట్లు పోలైతే వెయ్యి కూడా లేని తేడాతో వీగిపోయింది. పైగా ఇది రిపబ్లికన్ సెనేటర్ డాన్ సలివన్ తిరిగి ఎన్నిక కోరుతున్న మధ్యంతర సంవత్సరం, అంటే అధ్యక్ష పదవికి కాక కాంగ్రెస్‌కు ఎన్నికలు జరిగే ఏడాది. రెండు వైపులా టెన్షన్ ఉంది. రద్దు కోరేవాళ్ల నోట ముందుగా వచ్చే పేరు మాత్రం సలివన్‌ది కాదు, రాష్ట్రపు మరో రిపబ్లికన్ సెనేటర్ లీసా ముర్కౌస్కీది. ఆమె సీటు కాపాడటానికే ఈ పద్ధతి తెచ్చారని వాళ్ల ఆరోపణ.

దీనికి మూలం 2010లో ఉంది. అదీ మధ్యంతర సంవత్సరమే. ఆగస్టు 24న జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో) టీ పార్టీ అనే మితవాద ఉద్యమం మద్దతున్న జో మిల్లర్ చేతిలో సిట్టింగ్ సెనేటర్ ముర్కౌస్కీ 2 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ప్రైమరీలో పడ్డ ఓట్లు సుమారు 1.1 లక్షలు. నవంబరులో ఓటేసినవాళ్లు 2.5 లక్షలకు పైనే. సగం మంది కూడా లేని చోట ఆమె కథ ముగిసినట్టే కనిపించింది.

సెప్టెంబరులో ఆమె రైట్-ఇన్ అభ్యర్థిగా దిగారు. అంటే బ్యాలట్ మీద పేరు ఉండదు. ఓటరు పక్కనున్న గుండ్రాన్ని నింపి, ఖాళీ గీత మీద పేరు తన చేత్తో రాయాలి. ఈవీఎం మీద గుర్తు చూసి బటన్ నొక్కే మనకు ఆ కష్టం వెంటనే తట్టదు. ముర్కౌస్కీ అనే పోలిష్ ఇంటిపేరు తప్పు లేకుండా రాయడం చదువుకున్నవాళ్లకే పరీక్ష. అందుకే ప్రచారంలో పేరు అచ్చువేసిన రబ్బరు కడియాలు పంచారు, టీవీ ప్రకటనల్లో అక్షరం అక్షరం పలికించారు. అలాస్కా ఆదివాసులే యజమానులైన వ్యాపార సంస్థలు ఆమె తరఫున గట్టిగా నిలబడ్డాయి.

తర్వాత రాష్ట్ర రాజధాని జూనోలో లెక్కింపు. ఒక్కో కాగితం చేత్తో తీసి చూశారు. ఒక్క అక్షరం తప్పినా ఆ ఓటు చెల్లదని మిల్లర్ మనుషులు అభ్యంతరం రాయించారు. స్పెల్లింగ్ సరిగ్గా ఉన్నా చేతిరాత బాగాలేదని కొన్నిటిని పక్కన పెట్టించారు. అలా 8 వేలకు పైగా ఓట్లు వివాదంలో పడ్డాయి. వాటన్నిటినీ తీసేసినా ఆమెకు 2 వేల పైచిలుకు ఆధిక్యం మిగిలింది. ఓటరు మనసులో ఎవరున్నారో తెలుస్తున్నప్పుడు స్పెల్లింగ్ తప్పుతో ఓటు కొట్టేయకూడదని డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. రైట్-ఇన్‌గా సెనేట్‌కు గెలవడం 1954లో స్ట్రామ్ థర్మండ్ తర్వాత అదే మొదలు.

పార్టీ ప్రైమరీ తలుపు మూసినా రాష్ట్రం తలుపు తెరవగలదని ఆ ఎన్నిక చూపించింది. 2020లో అందరికీ ఒకే ప్రైమరీ, అందులో మొదటి నలుగురికి నవంబరులో చోటు, అక్కడ ర్యాంకులు అన్న ప్రతిపాదన స్వల్ప తేడాతో నెగ్గింది. దాన్ని రాసిన స్కాట్ కెండాల్ అంతకుముందు ముర్కౌస్కీ ప్రచారానికి న్యాయవాది. ప్రత్యర్థులు పట్టుకున్నది ఈ సంబంధాన్నే. సంబంధం ఉన్న మాట నిజమే. కానీ ప్రజలు ఓటేసి ఆమోదించిన పద్ధతి అది, 2024లో మళ్లీ నిలబెట్టుకున్నదీ వాళ్లే.

2021 ఫిబ్రవరిలో అభిశంసన విచారణలో ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్ సెనేటర్లలో 2022లో ఓటర్ల ముందుకు వెళ్లింది ఆమె ఒక్కరే. అందుకు రాష్ట్ర పార్టీ ఆమెను తప్పుపడుతూ తీర్మానం చేసింది. ట్రంప్ మద్దతు ఆమె రిపబ్లికన్ ప్రత్యర్థి కెల్లీ షిబాకాకు వెళ్లింది. పాత ప్రైమరీ ఉండి ఉంటే 2010 మళ్లీ జరిగేదేనని నా నమ్మకం. నవంబరు మొదటి లెక్కలోనే ముర్కౌస్కీ ఒక శాతం లోపు తేడాతో ముందున్నారు. ర్యాంకులు కలిశాక 53.7 శాతం వచ్చింది. అంటే ఆమెను నిలబెట్టింది ర్యాంకుల కన్నా ఉమ్మడి ప్రైమరీ. ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

తమ అభ్యర్థిని తామే ఎంచుకునే హక్కు పోయిందని, అదే ఏడాది రిపబ్లికన్ ఓట్లు చీలి కాంగ్రెస్ దిగువ సభ (హౌస్) సీటు డెమొక్రాట్ మేరీ పెల్టోలాకు దక్కిందని రద్దు వర్గం అంటుంది.

ముర్కౌస్కీ సీటుకు మళ్లీ ఎన్నిక 2028లో. అప్పటికి పార్టీ ప్రైమరీ తిరిగి వస్తుందో లేదో ఈ నవంబరులో తేలుతుంది.