కాడ్రాన్ ముక్కులో సైకిల్ పంపు గాలి

1936 సెప్టెంబరులో లాస్ ఏంజెలిస్ నేషనల్ ఎయిర్ రేసుల్లో ఫ్రాన్స్ విమానం కాడ్రాన్ సి.460 రెండు ట్రోఫీలు, గ్రీవ్, థాంప్సన్, ఎగరేసుకుపోయింది. పైలట్ మిషెల్ దెత్రోయా. థాంప్సన్‌లో సగటు వేగం గంటకు 264 మైళ్లు, అంటే 425 కి.మీ. రెండో స్థానంలో వచ్చిన ఎర్ల్ ఆర్ట్‌మన్ విమానంలో ఇంకా పెద్ద ఇంజిన్ ఉంది. కాడ్రాన్‌దేమో, ఇంజిన్ 8 లీటర్లు మించకూడదన్న ఫ్రెంచి పోటీ నిబంధన కోసం గీసిన సన్నటి చెక్క ఒళ్లు. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఫ్రెంచి ప్రభుత్వ డబ్బుతో వచ్చిందని అమెరికన్లు గొణిగారు. అది వదిలేద్దాం, అసలు సరదా ప్రొపెల్లర్‌లో ఉంది.

ప్రొపెల్లర్ గాలిని వెనక్కి తోస్తుందని చెప్పి బడి పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఏ కోణంలో తోస్తుందన్నదే అసలు లెక్క. హబ్‌కు (బ్లేడులు బిగించే నడిమి భాగానికి) మధ్య నుంచి 75 సెం.మీ. దూరంలో బ్లేడు మీద ఒక బిందువు తీసుకోండి. నిమిషానికి 2,400 చుట్లయితే అది సెకనుకు 188 మీటర్ల వేగంతో తిరుగుతుంది. విమానం 425 కి.మీ. (సెకనుకు 118 మీటర్లు) వేగంతో పోతుంటే గాలి ఆ బ్లేడుకు 32 డిగ్రీల వాలుతో ఎదురొస్తుంది. బ్లేడును 36 డిగ్రీలకు బిగిస్తే మిగిలే 4 డిగ్రీలు చక్కగా లాగుతాయి. అదే బ్లేడు రన్‌వే మీద, 108 కి.మీ. దగ్గర? గాలి వాలు 9 డిగ్రీలే. మిగిలేది 27! బ్లేడు మీద గాలి విడిపోయి, లాగుడు పడిపోయి, ఇంజిన్ ముక్కుతుంది. బండిని నాలుగో గేరులో కదిలించబోయినట్టే.

దీనికి ప్రొపెల్లర్ తయారుచేసిన రాటియే కంపెనీ ఉపాయం: నేల మీద మెకానిక్ సైకిల్ పంపుతో హబ్‌లో గాలి నింపుతాడు. ఆ ఒత్తిడి బ్లేడులను చిన్న కోణంలో పట్టి ఉంచుతుంది. ముక్కు కొసన ఒక చిన్న బిళ్ల. వేగం పెరిగే కొద్దీ ఎదురుగాలి దాన్ని వెనక్కి నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది, గాలి బుస్సుమని పోతుంది, బ్లేడులు పెద్ద కోణానికి తిరుగుతాయి. ఇదే రకం ప్రొపెల్లర్ వాడిన ఇంగ్లండు రేసు విమానం కామెట్‌లో ఇది సుమారు 240 కి.మీ. దగ్గర జరిగేది.

చిక్కేమిటంటే, ఇది ఒకవైపు దారి. గాల్లో ఎవరు పంపు కొడతారు? స్తంభాల చుట్టూ తిరిగే రేసులో వేగం అంతగా పడిపోదు గనక ఇబ్బంది లేదు. కానీ దిగబోతూ మనసు మార్చుకుని మళ్లీ పైకి లేవాలంటే పెద్ద కోణంతోనే లేవాలి. నేల మీద వాల్వ్ కారినా అంతే, పరుగు సాగుతుంది, విమానం ఓ పట్టాన లేవదు. అందుకే మరో రేసుకు బయల్దేరే ముందు మళ్లీ పంపు తేవాల్సిందే.