గోదావరి డెల్టా ఆసుపత్రులు: గాలి, వెలుతురు, తోడుండేవారి చోటు

డెల్టా పట్టణాల్లో ఆసుపత్రి బాగుందని చెప్పేటప్పుడు చాలామంది ముందుగా ఎత్తే మాట ఏసీ గదులు, నున్నటి టైల్స్. రోగి కోలుకోవడానికీ ఆసుపత్రి కట్టిన తీరుకూ సంబంధం ఉందన్న ఆలోచన మాత్రం వీటికంటే ఎంతో పాతది. అది గాలితో మొదలైంది.

1854లో క్రిమియా యుద్ధ సమయంలో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన బ్రిటిష్ నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ యుద్ధం ముగిశాక మరణాల లెక్కలు కట్టి, సైనికుల్లో ఎక్కువమందిని బలిగొన్నవి గాయాలు కావనీ, నివారించదగిన అంటువ్యాధులేననీ తేల్చారు. ఆసుపత్రుల నిర్మాణంపై 1859లో వెలువరించిన పుస్తకంలో ఎదురెదురు కిటికీలు, ఎత్తైన కప్పు, కనీసం రెండు మంచాలకు ఒక కిటికీ ఉండాలని ఆమె కోరారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, ఈ దేశంలో నీటిపారుదల కోసం గట్టిగా వాదించిన సంగతి ఇక్కడివారికి అంతగా తెలియదు.

రాజమహేంద్రవరంలో లూథరన్ మిషన్, పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆసుపత్రులు నడిపిన కాలంలో, ఎత్తైన కప్పులూ పొడవాటి వరండాలూ ప్రభుత్వ, మిషనరీ కట్టడాలకు మామూలు లక్షణాలు. క్షయకు మందు లేని ఆ రోజుల్లో గాలి, విశ్రాంతి, తిండే చికిత్స. అయితే కాలువల సీమలో తెరిచిన కిటికీలోంచి గాలితోపాటు దోమ కూడా వస్తుంది. బోదకాలు పాతుకుపోయిన ఈ జిల్లాలకు నైటింగేల్ నమూనా దోమతెర లేకుండా సరిపోదు. తెర కట్టితే గాలి తగ్గుతుంది. ఈ చిక్కు ఇప్పటికీ తీరలేదు.

1943లో క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్ మందును కనుగొన్నాక, మందులు చేతికి వచ్చినకొద్దీ కిటికీ చికిత్సలో భాగమన్న భావన పలచబడింది. తరువాత ఇళ్ల మధ్య ఇరుకు స్థలాల్లో నర్సింగ్‌హోమ్‌లు అంతస్తులుగా లేచాయి, ఉక్కపోతకు ఏసీలు వచ్చాయి. గదిలో బిగించే మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. పెరూ రాజధాని లిమా ఆసుపత్రుల్లో జరిగి 2007లో వెలువడిన పరిశీలన ప్రకారం, కిటికీలు తెరిచినప్పుడు పాతకాలపు ఎత్తైన గదుల్లో గంటకు 40 సార్లు గాలి మారగా, కొత్త గదుల్లో 17 సార్లే మారింది. పాత భవనం కూలగొట్టే ముందు ఇంజినీర్లు చూడవలసిన లెక్క ఇది.

కిటికీ గాలికే కాదని చూపింది పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984 నాటి అధ్యయనం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో, చెట్లు కనిపించే గదుల్లోని 23 మంది సగటున 7.96 రోజులకు ఇల్లు చేరితే, ఇటుక గోడ కనిపించే గదుల్లోని 23 మందికి 8.70 రోజులు పట్టింది. మొదటివారు బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. సంఖ్య చిన్నది కాబట్టి, కొబ్బరితోట కనిపిస్తే చాలునని దీన్నిబట్టి ఎవరూ అనకూడదు. అలాగే తృప్తి వేరు, వైద్యం వేరు: అమెరికాలోనే జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి కొత్త భవనంలోకి మారాక రోగులు పరిసరాలను ఎక్కువగా మెచ్చుకున్నారు గానీ, వైద్యుల పనికి ఇచ్చే మార్కులు అదే స్థాయిలో పెంచలేదని 2015లో తేలింది. అద్దాల ముఖద్వారం చూసి రోగి మోసపోతాడనుకునే యాజమాన్యాలు దీన్ని గమనించాలి.

ఈ అధ్యయనాలు మంచం మీది మనిషినే లెక్కించాయి. డెల్టాలో రోగి ఒంటరిగా రాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వచ్చే కుటుంబమైనా, లంక గ్రామం నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి చేరే కుటుంబమైనా వెంట ఇద్దరు ముగ్గురిని తెచ్చుకుంటుంది. మందులు కొనుక్కురావడం, క్యారియర్‌లో అన్నం తేవడం, సెలైన్ అయిపోతే నర్సును పిలవడం, రాత్రి రోగిని మరుగుదొడ్డికి నడిపించడం వారి పనే. అయినా నిర్మాణ పటంలో వారికి చోటుండదు. మంచం కింద చాప, మెట్ల కింది జాగా, వరండా వారి పడకలు. వారిని గేటు బయటికి తరిమి శుభ్రత సాధించామనుకోవడం సగం పనే, ఎందుకంటే వారు చేసే పనికి మరో మనిషిని ఎవరూ నియమించలేదు.

2015 మే నెలలో కేంద్రం ప్రారంభించిన కాయకల్ప్ పథకం ప్రభుత్వ ఆసుపత్రులను శుభ్రత, వ్యర్థాల నిర్వహణ, ఇన్‌ఫెక్షన్ల నివారణ వంటి అంశాల్లో కొలిచి బహుమతులిస్తోంది. తోడుండేవారి విషయంలో అంతకంటే లోతైన మార్పు ప్రసూతి గదిలో వచ్చింది. కాన్పు సమయంలో తల్లి పక్కన ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్రం 2016లో రాష్ట్రాలకు సూచించింది. 2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమం దాన్ని ప్రసూతి గదుల ప్రమాణాల్లో చేర్చింది. ఆ తోడు పక్కన ఉన్నప్పుడు పొరుగు మంచంలోని తల్లికి మరుగు ఉండాలి గనుక, మంచానికీ మంచానికీ మధ్య తెరో అడ్డుగోడో అవసరమైంది. ఎడతెగని తోడు దొరికిన తల్లులకు నొప్పుల సమయం తగ్గుతుందనీ, సిజేరియన్ అవసరం కూడా తగ్గుతుందనీ పలు దేశాల పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి.