కొత్త కిడ్నీ, రోజువారీ మాత్రలు: లెక్క ఎలా మొదలైంది?

1954 డిసెంబరులో బోస్టన్‌లో ఒక కవల సోదరుడి కిడ్నీని ఇంకో కవలకు అమర్చారు. ఇద్దరూ అచ్చు ఒకే పోలిక కవలలు కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా చూడలేదు, మందుల అవసరం రాలేదు. మిగతావాళ్లకు అలా కుదరదు. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందులు, అంటే 1960లలో అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు, 1983లో సైక్లోస్పోరిన్, 1994లో టాక్రోలిమస్ వాడకంలోకి వచ్చాకే మార్పిడి చేసిన అవయవాలు ఏళ్ల తరబడి నిలవడం మొదలైంది. కానీ ఆ మందులు అవయవం ఉన్నన్నాళ్లూ వేసుకోవాల్సిందే.

వేసుకుంటున్నారా? 2004లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, చెడిపోయిన కిడ్నీల్లో సుమారు 36 శాతం కేసుల్లో అంతకుముందు మందులు సరిగా వాడలేదు.

ఇది పట్టుకోవడానికి చాలాకాలంగా ఉన్న దారి, ఒంట్లో మందు ఎంత ఉందో చూసే రక్తపరీక్ష. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అందుకే చాలామంది మాత్రను సంచిలో పెట్టుకుని ల్యాబ్‌కి వస్తారు. చిక్కేమిటంటే, పరీక్షకు ముందు నాలుగు రోజులు శ్రద్ధగా వేసుకుంటే చాలు, రిపోర్టు బాగానే వస్తుంది. అందుకే ఇప్పుడు ఒక్క రిపోర్టును నమ్మకుండా, నెలల తరబడి వచ్చిన అంకెలు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో చూస్తున్నారు. మూత తీసిన ప్రతిసారీ సమయం నమోదు చేసే చిప్ డబ్బాలూ వచ్చాయి. అయితే మూత తీసినవాళ్లు మాత్ర మింగారో లేదో వాటికి తెలియదు. కడుపులోకి వెళ్లి సంకేతం పంపే సెన్సర్‌కు 2012లో అమెరికా అనుమతిచ్చింది, దాన్ని తయారుచేసిన కంపెనీ 2020లో దివాలా తీసింది.

ఈ పరికరాలేవీ మందు ఎందుకు మానేశారో చెప్పవు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. అమెరికాలో 65 ఏళ్లలోపు ఉండి, వేరే వైకల్యమేమీ లేనివారికి కిడ్నీ మార్పిడి జరిగిన 36 నెలలకు మెడికేర్ (కిడ్నీ చెడిపోయినవారికీ వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆగిపోతుంది. దానితోపాటే మందుల ఖర్చుకు అందే సాయమూ ఆగిపోయేది. కొనలేక మానేసి, కిడ్నీ పోగొట్టుకుని డయాలిసిస్‌కి తిరిగొస్తే, అదే మెడికేర్ మళ్లీ డబ్బు కట్టేది! అలాంటి రోగిని నిర్లక్ష్యం చేశాడని ఎలా అంటాం? 2020 చివర్లో చట్టం మారింది, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వేరే బీమా లేనివారు నెలనెలా ప్రీమియం కడితే ఈ మందులకు గడువు లేకుండా సాయం అందుతుంది. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం అందులోకి రావు.